ఊరి నుంచి సీతాఫలాలు వచ్చాయి... షుగర్ ఉంటే తినకూడదా?

ప్రశ్న: నా వయసు 46. నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నాను. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.2 వచ్చింది. మాది పాలమూరు దగ్గర పల్లె, ఉండేది హైదరాబాద్‌లో. దసరా వచ్చిందంటే అమ్మ మా పొలం గట్టు మీది సీతాఫలాలు, ఆ తర్వాత సంక్రాంతి దాకా అనపకాయలు, కందికాయలు పంపిస్తుంది. భయమేసి అన్నీ పక్కింటివాళ్లకు ఇచ్చేస్తున్నాను. నేను తినొచ్చా డాక్టర్ గారూ?

జవాబు: తినొచ్చు. ముందు కాయల సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు వాటిని కూడా ఇచ్చేస్తున్నారంటే నాకు చాలా బాధనిపించింది. అనపగింజలు, పచ్చి కందులు షుగర్ ఉన్నవాళ్లు వెతుక్కుని మరీ వండుకోవాల్సినవి. మాంసకృత్తులు, పీచు బాగా ఉంటాయి కాబట్టి అన్నం తిన్నప్పటిలా షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. కాయలు కాస్త ఉప్పేసి ఉడకబెట్టుకుని సాయంత్రం ఒక చిన్న గిన్నెడు తినండి, లేదా గింజలు ఒలిచి కూర చేసుకుని జొన్న రొట్టెతో తినండి. అన్నం ఎప్పటిలాగే పెట్టుకుని పైన ఇవి కూడా అంటే మాత్రం కుదరదు, కూర పెరిగిన మేరకు అన్నం తగ్గాలి. అనపగింజలు సగం ఉడికినవి తినొద్దు, మెత్తబడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం చూసుకోవాలి కాబట్టి తమ డాక్టర్‌ను అడిగాకే తినాలి.

ఇక సీతాఫలం. 100 గ్రాముల గుజ్జులో పిండిపదార్థాలు సుమారు 23 గ్రాములు, జామకాయ కంటే బాగా ఎక్కువ. పీచు కూడా 4 గ్రాముల దాకా ఉంటుంది, అందుకే పూర్తిగా మానేయమని చెప్పను. మోస్తరు పండులో సగం, సాయంత్రం నాలుగింటప్పుడు, భోజనానికి దూరంగా తినండి, ఆ రాత్రి అన్నం కొంచెం తగ్గించండి. రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకుని 180 లోపు ఉంటే ఆ మోతాదు మీకు సరిపోయినట్టే, దాటితే పావు పండు చాలు. మిల్క్‌షేక్, ఐస్‌క్రీం వద్దు, వాటిలో చక్కెర కలుస్తుంది. గింజ గింజకూ ఆగుతూ పండు తింటే వచ్చే నిదానం కూడా పోతుంది.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో సీతాఫలాల రోజుల్లో షుగర్ పెరిగేది ఎక్కువగా ఒకే కారణంతో. బుట్టెడు పండ్లూ ఒకేసారి మెత్తబడతాయి, పాడైపోతాయేమోనని రోజుకు మూడు నాలుగు తినేస్తారు. అమ్మకు చెప్పి, అప్పుడే కండ్లు తెరిచిన గట్టి కాయలు కొన్ని, పండుకొచ్చినవి కొన్ని, తక్కువ తక్కువగా పంపించుకోండి. మిగిలినవి పక్కింటివాళ్లకు ఇస్తే సంతోషమే.

ఇంకొక్కటి. సీతాఫలం గింజ పొరపాటున మింగితే టెన్షన్ పడకండి, నమలకపోతే అలాగే బయటికి పోతుంది. కానీ ఆ గింజలు నూరి పేలకు తలకు పట్టించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. అది కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిని భరించలేని మంట పుడుతుంది. పడితే వెంటనే మంచినీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించాలి. అమ్మకు కూడా ఈ మాట చెప్పండి.