అడవి బీటు చూడబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

పత్రికలో నీకు అడవి బీటు, అంటే అడవి వార్తలు రాసే పని, ఇచ్చారని తెలిసింది, సంతోషం. పులివార్తకున్న గిరాకీ ఇంకే వార్తకీ ఉండదు, కాబట్టి తొందరపెట్టేవాళ్లూ ఎక్కువే. ముప్పై ఏళ్లు డెస్కులో కూర్చుని శీర్షికలు పెట్టినవాణ్ణి. ముందు నా నిర్వాకం ఒకటి చెప్తాను విను.

ఓసారి ఎలుగుబంటి ఒకాయన్ని చీరేసింది. విలేకరి పంపిన కాపీ నాలుగు లైన్లే వచ్చింది. నేను పైన "ఊరిమీద పడ్డ ఎలుగు" అని పెట్టి, కోరలు కనపడే పాత ఫోటో ఒకటి వెతికి తగిలించాను. తర్వాత అటు వెళ్తే అసలు సంగతి తెలిసింది. అది తెల్లారకముందే కాలువ పక్కన పొదలో నక్కిందట. ఎనిమిదింటికి ఎవరో చూశారు. పదయ్యేసరికి రెండొందల మంది చేరారు, కర్రలు, రాళ్లు, ఫోన్లతో. అది తిరిగి అడవికి పోయే దారిలోనూ వాళ్లే నిలబడ్డారు. మీద పడింది పన్నెండున్నరకి. ఎనిమిదికీ పన్నెండున్నరకీ మధ్య ఏం జరిగిందో నా వార్తలో ఒక్క ముక్క లేదు.

అందుకని ముందు గంటలు రాసుకో. ఎవరు ఎప్పుడు చూశారు, జనం ఎప్పుడు చేరారు, అటవీ సిబ్బంది ఎప్పుడొచ్చారు, దెబ్బ ఎప్పుడు తగిలింది. తర్వాత నేల సంగతి. ఆ చోట పదేళ్ల కింద ఏముండేది? గనో, రోడ్డో, కంచో ఎప్పుడొచ్చింది? "చొరబడింది" అని రాయబోయే ముందు ఎవరి చోట్లోకి ఎవరొచ్చారో తేల్చుకోవాలి కదా.

జంతువు ఇంకా అక్కడే ఉంటే చోటు మాత్రం లైవ్‌లో చెప్పకు. ఇంకో రెండొందల మందిని నువ్వే పిలిచినట్టవుతుంది.

"నరభక్షక" అన్న మాట దగ్గర మరీ జాగ్రత్త. ఒక్క దాడికే ఆ ముద్ర వేస్తే తుపాకీ బయటికొస్తుంది. నిజంగా మనుషుల్ని తిన్నవాటి వెనక కూడా ఏదో కథ ఉంటుంది. హిమాలయాల దిగువన చంపావత్ ఆడపులి 436 మందిని చంపిందని లెక్క. 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ దాన్ని కాల్చాక చూస్తే కుడివైపు పైకోర, కిందికోర రెండూ విరిగి ఉన్నాయి. ఎప్పటిదో తుపాకీ దెబ్బ. మామూలు వేట చేతకాకే మనుషుల మీద పడిందని ఆయన అనుకున్నాడు.

అంకెలు చూస్తే నోరూరుతుంది, నాకు తెలుసు. 1898లో ఆఫ్రికాలో, ఇప్పటి కెన్యాలోని సావో దగ్గర రైలు వంతెన కట్టేవాళ్లని రెండు సింహాలు తిన్నాయి. వాటిని చంపిన వంతెన ఇంజనీరు పాటర్సన్ ఒకచోట 135 మంది అన్నాడు. 2009లో వాటి ఎముకలు, వెంట్రుకలు పరీక్షించినవాళ్ల అంచనా 35 దగ్గర తేలింది. పెద్ద అంకె అప్పటికే దశాబ్దాల తరబడి తిరిగింది. అన్నట్టు, షార్కు కాటుకి ప్రపంచమంతా కలిపి ఏటా పోయేది మామూలుగా పదిమందికి మించరు, అది మొదటి పేజీ బ్యానర్. పాముకాటుకి ఏటా 81 వేల నుంచి 1.38 లక్షల మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అది లోపలి పేజీలో సింగిల్ కాలమ్.

ఇదంతా విని "తప్పంతా మనిషిదే" అని రాసేవు. అదీ బద్ధకమే. అడవి కొట్టి రోడ్డేయించినవాడు పులి నోట పడడు, కట్టెలకి వెళ్లినావిడ పడుతుంది. ఆవిడ ఇంటికి వెళ్లు. కెమెరా సంచిలోనే ఉంచి కాసేపు కూర్చో. ఆ రోజు అంత లోపలికి ఎందుకు వెళ్లాల్సొచ్చిందో అడుగు. మునుపు కట్టెలు దొరికే చోటు ఏమైందో వాళ్లే చెప్తారు. నాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

శీర్షిక నీ చేతిలో ఉండదు, డెస్కువాళ్లు మార్చేస్తారు. అందుకే గంటల లెక్క మొదటి పేరాలోనే పెట్టు, అక్కడ కత్తెర వెయ్యడం కష్టం. ఫోటో కూడా అడుగుతారు. జంతువు దాక్కున్న పొద, వెనక కొత్తగా వేసిన రోడ్డు ఒకే ఫ్రేములో పడేట్టు తీసి పంపు.