జీన్స్‌తో ఈత: మునగడం కాదు, గట్టెక్కడమే కష్టం

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి ఈత వచ్చు. వారానికోసారి చెరువులో ఈదుతాను. తొడ మీద పెద్ద కాలిన మచ్చ ఉంది, ఈత దుస్తుల్లో పదిమందిలో నిలబడలేను. అందుకని జీన్స్‌తోనే దిగుతాను. దాచడం ఎందుకు, తడి జీన్స్‌తో ఈదడం నాకు ఇష్టం కూడా. స్నేహితులు మాత్రం ‘ఆ బరువుకి ఏదో ఒకరోజు మునిగిపోతావు’ అంటున్నారు. ఒకసారి స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. నేను చేసేది అంత ప్రమాదమా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ఇరవై రెండేళ్ళు ఈత నేర్పాను. ‘బట్టల బరువుకి మునిగిపోతారు’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మీ స్నేహితులు భయపడటంలో తప్పు లేదు కానీ, భయపడాల్సింది దానికి కాదు.

లెక్క చూడండి. జీన్స్ అంటే నూలు. నూలు పోగు నీటి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. పొడిగా 700 గ్రాములుండే ప్యాంటు నీళ్ళలో తూగేది పావుకిలో లోపే. అది పీల్చుకున్న నీళ్ళంటారా, నీళ్ళలో నీళ్ళకి బరువేముంటుంది? అదే ప్యాంటు నీళ్ళు దాటి పైకి వచ్చిందంటే పీల్చుకున్నదంతా, జేబుల్లో నిలిచినదంతా మీ నడుముకి వేలాడుతుంది. సులువుగా కిలోన్నర.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. ఇరవై ఒకటో ఏట పందెం కాసి జీన్స్‌తో దూకాను. అవతలి ఒడ్డు ముట్టుకుని వెనక్కి వచ్చాను, కాళ్ళు పీకాయి తప్ప ఇబ్బంది లేదు. వచ్చి రాతి గట్టు పట్టుకుని పైకి లేవబోతే చేతులు లేపలేకపోయాయి. మూడుసార్లు జారాను. మూడోసారికి ప్యాంటు మోకాళ్ళ దాకా దిగి కాళ్ళకి బంధం వేసింది. పందెం కాసినవాడే జుట్టు పట్టుకుని లాగాడు. భయం కంటే సిగ్గు ఎక్కువేసింది. గట్టెక్కడం అనే మాటకి అర్థం ఆరోజు తెలిసింది.

కాబట్టి ఈత మొదలెట్టే ముందే నడుములోతు నీళ్ళలో ఒకసారి పూర్తిగా మునిగి, ప్యాంటు బాగా తడిశాక, మీరు ఎక్కాల్సిన చోటే ఎక్కి చూడండి. మెట్లో, ఏటవాలు ఒడ్డో ఉంటే మంచిది. నిలువు గట్టయితే ఆ చోటు వద్దు.

రెండో సంగతి అలసట. నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. గాలిలో కాస్త రెపరెపలాడే బట్ట నీళ్ళలో ప్రతి తన్నుకీ అడ్డం పడుతుంది. బిగుతు జీన్స్ మోకాలిని మడవనివ్వదు, మరీ వదులుదైతే నీళ్ళని ఈడ్చుకుంటూ వస్తుంది. కప్ప ఈతలో కాళ్ళు బాగా విప్పాలి కదా, అక్కడే ఎక్కువ పట్టేస్తుంది. తుంటి దగ్గర నుంచి చిన్నగా కాళ్ళాడిస్తూ, మధ్యమధ్యలో వెల్లకిలా తేలుతూ వెళ్ళండి. మామూలుగా ఈదే దూరంలో సగం చాలు. అదీ ఒడ్డు వెంబడే, ఇంకొకరు చూస్తుండగానే. పారే నదిలో మాత్రం వద్దే వద్దు. మునిగిన కొమ్మ ప్యాంటుకి తగులుకుంటే ప్రవాహం మిమ్మల్ని విడిపించుకోనివ్వదు.

బట్టలతో ఈత పిచ్చిపనేమీ కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లలకి ఈత సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బట్టలతో ఈదించి చూస్తారు. జపాన్ బడుల్లోనూ నేర్పుతారు, ఎందుకంటే ప్రమాదవశాత్తూ నీళ్ళలో పడేవాళ్ళు ఈత దుస్తుల్లో పడరు. అమెరికా నౌకాదళంలో ఇంకో అడుగు ముందుకేసి ప్యాంటునే తేలే తిత్తిగా మార్చడం నేర్పిస్తారు. విప్పి, కాళ్ళ చివర్లు ముడేసి, నడుము భాగాన్ని తల వెనక నుంచి ముందుకి విసిరి గాలి నింపడం. తడిసిన దట్టమైన నేత ఆ గాలిని కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతుంది. నా శిష్యుల చేత ఛాతీలోతులో చేయించేవాణ్ణి, నవ్వులే నవ్వులు. మీరు గాలి నింపకపోయినా ఫరవాలేదు, తడి జీన్స్ బొత్తాం నీళ్ళలో విప్పడం మాత్రం సాధన చేయండి. తడిశాక కాజా బిగుసుకుంటుంది, వేళ్ళు చల్లబడితే మరీ కష్టం.

పూల్ వాళ్ళని తప్పు పట్టలేను. జీన్స్‌కి వేసే నీలిరంగు పోగు లోపలికంటా ఇంకదు, పైపొరలోనే ఉంటుంది. అందుకే రాపిడికి రాలిపోతుంది. బట్ట నుంచి ఊడే నూగు ఫిల్టర్లకి పడుతుంది. పైగా క్లోరిన్ మీ ప్యాంటునీ వదలదు, రంగు తినేస్తుంది. స్ట్రెచ్ జీన్స్ అయితే అందులోని సాగే పోగు కూడా పాడవుతుంది.

ఇక ఏ జీన్స్ అంటారా, పాతది, ఎన్నోసార్లు ఉతికినది. జేబుల్లో ఏమీ ఉండకూడదు. బెల్టు వద్దు, నడుము దగ్గర సరిగ్గా పట్టేదే వేసుకోండి. జేబుల మూలల రాగి రివెట్లు తడి చర్మాన్ని గీరుతాయి, ఆ వైపు చేయి పెట్టి చూసుకోండి. పని చేసేవాళ్ళ ప్యాంట్లు చిరగకుండా జేకబ్ డేవిస్ అనే దర్జీ ఈ రివెట్లు కొట్టాడు, లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873లో పేటెంట్ తీసుకున్నాడు. పాపం, ఈతగాళ్ళు ఆయన లెక్కలో లేరు. తొడల లోపలి కుట్టు ఒరిపిడికి చర్మం మండుతుంది, దిగేముందు అక్కడ కాస్త వాజలిన్ రాసుకోండి.

బయటికి రాగానే మార్చుకోండి. తడి ఆరుతున్నంతసేపూ ఒంటి వేడిని లాగేస్తుంది, గాలి వీస్తే వణుకు పుడుతుంది. ‘ఒంటి మీదే ఆరుతుందిలే’ అనుకుంటే జీన్స్ అంత త్వరగా ఆరే రకం కాదు.

చివరగా మచ్చ సంగతి. పాదాల దాకా వచ్చే ఈత లెగ్గింగ్స్ దొరుకుతాయి, పలచగా, నీళ్ళు పీల్చకుండా ఉంటాయి. మగవాళ్ళూ వేసుకుంటారు. వాటిని పూల్‌లో రానిస్తారో లేదో ఒక ఫోన్ చేసి కనుక్కోండి. దూరం ఈదాలనిపించిన రోజు అవి, ఇష్టం కొద్దీ తడవాలనిపించిన రోజు ఒడ్డు పక్కన జీన్స్. ఆ ఇష్టానికి మీరు నాకు గానీ, మీ స్నేహితులకి గానీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.