సాక్సులు తిప్పింది ఎవరు?

తమ్ముడూ,

ఆర్మీలో ఉంటూ నువ్వు రాసి పంపిన కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పెన్సిల్ ముందు ఎక్కడ పడిందో చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. నువ్వున్న ఊరి పేరు, ఆ కొండ పేరు, పోస్టులో ఎంతమంది ఉన్నారనే లెక్క, మూడూ కనపడకుండా కొట్టేశాను. 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ రూలు ఒకటుంది. సర్వీసులో ఉన్నవాడు సర్వీసు విషయం ఏదైనా అచ్చులో పెట్టాలంటే ముందు పైనుంచి అనుమతి తీసుకోవాలి. ఇది కథే కదా సార్ అంటే వినరు. 2020లో ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు జవాన్ల ఫోన్లలోంచి తీసేయమన్నప్పుడు నువ్వింకా కాలేజీలో ఉండుంటావు. కాబట్టి రాసుకో, దాచుకో, పత్రికకు పంపే ముందు మీ ఆఫీసరును అడుగు. ఊరి పేరు తీసేసినంత మాత్రాన కథకు పోయేదేమీ లేదు, చలి ఎక్కడున్నా చలే.

ఇక అసలు సంగతి. పన్నెండు పేజీల్లో తొమ్మిది పేజీలు పలమనేరే ఉంది. అమ్మ కెలికే సంగటి, మీ ఇంటి ముందర చింతచెట్టు, పాపకు పుట్టు వెంట్రుకలు తీయించడానికి తిరుమలకు రాలేకపోయిన బాధ. బాగానే రాశావు, పాప దగ్గర నాకూ గొంతు పట్టేసింది. కానీ కథ బ్యారక్‌లోకి వచ్చేసరికి మనుషులే లేరు. ‘వాళ్ళు నవ్వారు’, ‘వాళ్ళు హిందీలో ఏదో అన్నారు’, ‘వాళ్ళు రొట్టెలు తింటూ నన్ను చూశారు’. ఎవరయ్యా ఈ వాళ్ళు? నాలుగు నెలలుగా నీ పక్క మంచం మీద పడుకుంటున్నవాడికి కథలో ఒక ముక్కు లేదు, ఒక దగ్గు లేదు, పెట్టె మీద అతికించుకున్న బొమ్మ లేదు. ఇంటిమీద బెంగ అందరికీ ఉంటుంది, మస్కట్ వెళ్ళిన మేస్త్రీకీ ఉంటుంది. నీకు మాత్రమే దొరికినవి ఆ మంచాలు. వాటినే వదిలేశావు.

నేనూ ఇదే తప్పు చేశాను, కథలో కాదు, బతుకులో. తొంభైల్లో మాట. ఆర్మీలో వైర్‌లెస్, ఫోన్ల పని చూసే సిగ్నల్స్‌లో ఉన్న నన్ను కాశ్మీర్ లోయలో ఒక యూనిట్‌కు అటాచ్‌మెంట్ మీద, అంటే కొన్నాళ్ళ కోసం, పంపారు. దిగిన మొదటి రోజే హర్యానా నాయక్ ఒకాయన ‘ఆవో మద్రాసీ’ అన్నాడు. చిత్తూరోణ్ణి పట్టుకుని మద్రాసీ ఏంది అని నాకు మండింది. మ్యాపు తీసి చూపించాలనిపించింది కూడా. మూడు వారాలు ఆయనతో మాట్లాడలేదు. లంగర్‌లో, అంటే భోజనాల దగ్గర, ఆయన ఇటు కూర్చుంటే నేను ప్లేటు పట్టుకుని అటు పోయేవాణ్ణి. రాత్రి డ్యూటీ దిగాక తడిసిన సాక్సులు అందరం బుఖారీ చుట్టూ, అంటే గది వెచ్చబెట్టే పొయ్యి చుట్టూ, ఆరేసేవాళ్ళం. ఒకవైపే సెగ తగిలితే అవి సగం కాలి, సగం తడిగా ఉండిపోతాయి. నావి మాత్రం పొద్దున్నే రెండు వైపులా చక్కగా ఆరి ఉండేవి. బుఖారీకి దగ్గర చోటు పట్టాను, నా తెలివి అనుకున్నా. ఒక రాత్రి జ్వరమొచ్చి నిద్ర పట్టక పడుకునుంటే, రెండు నుంచి నాలుగు దాకా సంతరీ కాపలా చేసి ఆయన లోపలికొచ్చాడు. రైఫిల్ పెట్టాడు, తొడుగులు తీశాడు, చేతులు రుద్దుకున్నాడు. వంగి ఒక్కో సాక్సు రెండో వైపుకు తిప్పి ఆరేస్తూ పోయాడు, ఆ బ్యారక్‌లో ఉన్న అందరివీ, నావి కూడా. తర్వాత చప్పుడు చేయకుండా పడుకున్నాడు. పొద్దున మళ్ళీ ‘క్యా మద్రాసీ’ అన్నాడు, ఈసారి పలికాను.

మన గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు నిన్ను నోటికొచ్చిన బూతు తిడితే మొహం మాడ్చుకుంటావా? జాతర భాష అది. బ్యారక్ భాష కూడా కొంత అలాంటిదే. అయితే ఎగతాళికి, అవమానానికి మధ్య గీత ఒకటుంటుంది, ఆ గీత దాటినవాడికి మాత్రం ఎదురుగా నిలబడి చెప్పాలి, మీ పైన ఉండే జూనియర్ ఆఫీసరు జేసీఓకూ చెప్పాలి. అన్నీ మింగమని నేననను.

ఇంకోటి, ఇది మన పాఠకులకు చాలామందికి తెలియదు, నువ్వే కథలో చెప్పాలి. ఆర్మీ అంటే ఎప్పుడూ ఒకే ఊరివాళ్ళు, ఒకే భాషవాళ్ళు కలిసి పోవడం అనుకుంటారు. మద్రాస్ రెజిమెంట్‌లో అయితే వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ నుంచే నీ చుట్టూ నాలుగు దక్షిణాది భాషలు వినిపిస్తాయి. కాశ్మీర్‌లో మిలిటెంట్ల మీద పనిచేసే రాష్ట్రీయ రైఫిల్స్ సంగతి అలా కాదు. 1990లో అది పెట్టినప్పటి నుంచీ పదాతి దళం నుంచి కొందరు, మిగతా విభాగాల నుంచి కొందరు వచ్చి కొన్నాళ్ళు చేసి సొంత యూనిట్‌కు వెళ్ళిపోతారు. నువ్వు కాస్త అలవాటు పడేలోపు పక్కవాడికి వెళ్ళిపొమ్మని మూవ్‌మెంట్ ఆర్డర్ వస్తుంది, ఆ మంచం మీదికి ఇంకో కొత్తవాడు ట్రంకు పెట్టె దించుతాడు. అప్పుడు పాతవాడివి నువ్వే. ఆ రోజు ఏమనిపించిందో నీ కథలో ఎక్కడా లేదు.

ఫోన్ గురించి కూడా అడగాలి. నా రోజుల్లో ఇన్‌లాండ్ కవరు వారానికొకటి వస్తే గొప్ప, అందువల్ల వేరే దారి లేక పక్కవాడితో మాట్లాడేవాళ్ళం. నీకు సిగ్నల్ దొరికితే చాలు, వీడియో కాల్‌లో పాప. మాట్లాడు, తప్పకుండా మాట్లాడు, ఆ బిడ్డకు నీ మొహం గుర్తుండాలి. కానీ ఖాళీ దొరికిన ప్రతి నిమిషం పలమనేరులోనే ఉంటే, పక్కన క్యారమ్స్ ఆడేవాళ్ళు రెండుసార్లు పిలుస్తారు, మూడోసారి పిలవరు. కాల్ అయిపోయాక ఫోన్‌లో పాప ఫొటో పక్కవాడికి చూపించు. వాడి ఫోన్‌లోనూ ఒక పాప ఉంటుంది. హిందీ తప్పులు రాక చస్తాయా, రానీ. నేను లింగాలు కలిపేసి మాట్లాడిన హిందీకి మా బ్యారక్ ఏడాది పొడుగునా నవ్వింది, ఆ నవ్వుల్లోనే ఎవరు ఏ ఊరో, ఎవరికి ఎంత అప్పుందో నాకు తెలిసింది.

రాత పని ఇది: వచ్చే నెల రోజులూ ఇంటి గురించి ఒక్క వాక్యం రాయొద్దు. పక్క మంచం మనిషి గురించి రోజుకు అర పేజీ రాయి, ఆయన బూట్లకు లేసు ఎలా కడతాడు, ఉత్తరం మడిచి ఎక్కడ పెడతాడు, అందరూ కలిసి తినే బడాఖానా విందు రోజు ఏ పాట ఎత్తుకుంటాడు. అభిప్రాయాలు వద్దు. మంచివాడా చెడ్డవాడా నాకెందుకు? ‘ఒంటరితనం’ అన్న మాట నీ కథలో పదకొండు చోట్ల ఉంది, అన్నీ కొట్టేశాను, కావాలంటే ఒకటి మళ్ళీ పెట్టుకో.

ఛుట్టీలో వచ్చి తిరిగి పోయేటప్పుడు హిమసాగర్ రైలు వారానికి ఒక్కరోజే కాబట్టి టికెట్ ముందే చూసుకో. తిరుపతి పక్కవాడివని తెలిశాక నువ్వు ఒట్టి చేతులతో దిగితే బ్యారక్ ఊరుకోదు. లడ్డూలు నాలుగైదు ఎక్కువే పట్టుకెళ్ళు, మీ అమ్మను అడిగి ఒక డబ్బా ఊరుబిండి పచ్చడి కూడా. రొట్టెలో ఊరుబిండి పెట్టుకుని తిన్న పంజాబీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, నువ్వు చూసి రాయి. మా హర్యానా ఆయన ఇప్పటికీ బ్రహ్మోత్సవాలప్పుడు ఫోన్ చేసి ‘మద్రాసీ, ప్రసాదం?’ అంటాడు.

రెండో ప్రతి కాగితం మీద చేత్తో రాసి పంపు. ఫోన్‌లో టైపు చేసింది నా కళ్ళకు ఆనదు.

మీ అన్న,
తిరుపతి