ఫోస్టర్ కేర్‌లో బిడ్డను తెచ్చుకుంటే దత్తత తీసుకున్నట్టేనా?

కాదు, బిడ్డ మీ ఇంట్లో పెరుగుతుందే గానీ చట్టం దృష్టిలో మీ సంతానం కాదు, మీ ఆస్తిలో వారసత్వ హక్కూ రాదు.

దత్తతతో కన్నవారితో చట్టపరమైన బంధం తెగిపోతుంది. బాలల న్యాయ చట్టం కింద దత్తతకు కలెక్టర్ ఉత్తర్వు కావాలి. ఫోస్టర్ కేర్‌లో ఆ బంధం అలాగే ఉంటుంది. కన్నవాళ్లు జబ్బుతోనో, జైల్లోనో ఉండి సాకలేకపోతే, లేదా బాలల హోమ్‌లో ఉన్న పిల్లల కోసం ఎవరూ రాకపోతే, జిల్లా బాలల సంక్షేమ సమితి కొంతకాలానికి ఒక కుటుంబానికి అప్పగిస్తుంది. మధ్యమధ్య అధికారులు వచ్చి చూస్తారు. సొంతవాళ్లు కోలుకుంటే బిడ్డ తిరిగి వెళ్లొచ్చు. మనసు గట్టి చేసుకోవాల్సింది ఇక్కడే. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డ పోషణకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

ఉదాహరణకు కావలిలో ఒక జంట నెల్లూరులోని జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసి, ఇంటి విచారణ అయ్యాక 8 ఏళ్ల పాపను తెచ్చుకున్నారనుకుందాం. బడిలో చేర్చడం, వైద్యం చేయించడం వాళ్ల బాధ్యతే. రెండేళ్లు గడిచి, పాపకు దత్తతకు చట్టపరంగా అడ్డు లేకపోతే అప్పుడు దత్తతకు విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఫోస్టర్ కేర్‌పై కేంద్రం ఇచ్చిన 2024 మార్గదర్శకాలకు ముందు ఈ గడువు అయిదేళ్లు.

చాలామంది దీన్ని పసిబిడ్డ కోసం దగ్గరిదారి అనుకుంటారు. దత్తతకు అర్హులైన ఆరేళ్లలోపు పిల్లలను సాధారణంగా ఫోస్టర్ కేర్‌కు ఇవ్వరు, నేరుగా దత్తతకే పంపుతారు. ఇక ఆసుపత్రిలో స్టాంపు కాగితం రాయించుకుని బిడ్డను తెచ్చుకోవడం రెండూ కాదు, అది నేరం.