అతుకు కనిపించనివ్వండి

ప్రశ్న: మా అమ్మ ఇచ్చిన పింగాణీ గిన్నె చేయిజారి మూడు ముక్కలైంది. పారేయడానికి మనసొప్పలేదు. జపాన్‌వారు విరిగిన పాత్రలను బంగారంతో అతుకుతారనీ, దాని వెనుక ‘వాబి-సాబి’ అనే తత్త్వం ఉందనీ చెప్పి మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించింది. లోపాన్ని అంగీకరించడమంటే, పని సరిగ్గా చేయకపోయినా ఫరవాలేదనుకోవడమా? అతికాక ఆ గిన్నెలో మళ్ళీ పెరుగు తోడుపెట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ ముక్కలను దాచి ఉంచినందుకు సంతోషం. పెరుగు సంగతి ముందు చెప్తాను. తక్కువ ధరకు దొరికే కిట్లలో చాలావాటిలో ఉండేది ఎపాక్సీ జిగురు, బంగారు రంగులో ఉండే ఇత్తడి పొడి. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోయకూడదని మన వంటిళ్ళకు తెలిసినదే కనుక, మీ కిట్ పెట్టె మీద ఆ పేర్లు కనిపిస్తే గిన్నెను పూలు పెట్టుకోవడానికి ఉంచుకోండి, తినే పదార్థాలకు వద్దు.

అసలు పద్ధతి వేరు. దాన్ని ‘కిన్‌త్సుగి’ అంటారు. బంగారంతో అతుకుతారన్న మాట సగమే నిజం, ఎందుకంటే ముక్కలను పట్టి ఉంచేది ‘ఉరుషి’ అనే చెట్టు పాలు. బంగారం పైపూత మాత్రమే. మన ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్క పురుగు నుంచి వస్తే, ఇది మామిడి, జీడి కుటుంబానికే చెందిన చెట్టుకు గాటు పెట్టగా కారుతుంది. మామిడి సొన తగిలి మూతి పొక్కినవారికి పచ్చి ఉరుషి చర్మాన్ని ఎంత బాధపెడుతుందో ఊహకు అందుతుంది. దాన్ని గోధుమపిండితో, నీళ్ళతో బంకలా కలిపి, విరిగిన అంచులకు పలుచగా రాసి, ముక్కలను కూర్చి, తేమగా ఉంచిన పెట్టెలో పెడతారు. మన రంగులు ఎండకు ఆరతాయి గానీ ఉరుషి గట్టిపడాలంటే గాలిలో చెమ్మ కావాలి. వారం రెండు వారాలు గడిచాక, ఊడిపోయిన పెచ్చుల చోట మెత్తటి మట్టిపొడి కలిపిన ఉరుషి నింపి, నునుపుగా అరగదీసి, అతుకు వెంట సన్నగా మరో పూత గీసి, అది ఇంకా జిగటగా ఉండగానే బంగారు పొడి చల్లుతారు. మొత్తం పనికి నెల, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. మొదటి రెండు ముక్కలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా మూడోది తన చోట కూర్చోదు. ఇంత ఓపిక అడిగే పనిని అశ్రద్ధకు సాకుగా ఎలా చూడగలం?

‘వాబి’ అన్న మాటకు పూర్వం లేమి, దిగులు అనే అర్థాలుండేవి. ‘సాబి’ అంటే కాలం గడిచిన వస్తువు మీద కనిపించే పాతదనం, ఆ ఒంటరి శాంతం. ఈ లేమికి గౌరవం తెచ్చినవారు 15, 16 శతాబ్దాల టీ గురువులు, అంటే అతిథికి టీ కలిపి ఇవ్వడాన్ని ఒక కళగా నేర్పినవారు. వారిలో పెద్దపేరు సెన్ నో రిక్యూది (1522–1591). ఆయన కట్టించినదని చెప్పే ‘తాయిఆన్’ అనే టీ గది క్యోటో దగ్గరి యమజాకిలో నేటికీ ఉంది. లోపల పరిచేది రెండే చాపలు, మట్టిగోడలో కలిపిన గడ్డిపోచలు పైకి కనిపిస్తాయి, వాకిలి ఎంత చిన్నదంటే ఎంతటివాడైనా వంగి, మోకాళ్ళ మీద లోపలికి జరగాల్సిందే. ఆయన ఏలిక హిదెయోషి బంగారు రేకులు తాపిన టీ గది చేయించుకున్న రోజుల్లోనే ఈ మట్టిగోడల గది నిలిచిందన్నది నన్ను ఎప్పుడూ కదిలించే విషయం.

క్యోటోలోని దైతోకుజి ఆలయ సముదాయంలో ‘కిజాఎమోన్’ అనే టీ గిన్నె ఉంది. 16వ శతాబ్దంలో కొరియాలో పేరు తెలియని కుమ్మరి సారె మీద చేసినది. అడుగున గాజులాంటి మెరుగుపూత సరిగ్గా పరుచుకోక పూసల్లా ముడుచుకుపోయింది. జపాన్ దాన్ని జాతీయ నిధిగా కాపాడుకుంటోంది. ఆ కుమ్మరి లోపాన్ని కోరి తెచ్చిపెట్టలేదు, తన పని తాను చేసుకుపోయాడు. నేడు దుకాణాల్లో కావాలని సొట్టలు పెట్టి అమ్మే గిన్నెల మీద నాకు మనసు పోకపోవడానికి కారణం ఇదే.

అయితే జపాన్ అంటే పాతదాన్ని పూజించే దేశమనే తీర్మానానికి రాకండి. అక్కడి ఇసే మందిరాన్ని ఇరవై ఏళ్ళకోసారి పూర్తిగా కొత్త చెక్కతో తిరిగి కడతారు. చివరిసారి 2013లో కట్టారు. ఇంట్లోనూ ఈ వివేకం అవసరమే: కారుతున్న కుళాయిని బాగు చేయించాలి, వదులైన కరెంటు తీగను వాబి-సాబి పేరుతో వదిలేయకూడదు. విరిగిపోయిన గిన్నె విషయం వేరు. దాని పగులు ఇప్పటికే జరిగిపోయింది, ఎంత నేర్పుగా దాచినా వేలికి తగులుతూనే ఉంటుంది.

కనుక జిగురు మూత తీయకముందే ముక్కలను కడిగి, ఆరబెట్టి, కాగితపు టేపుతో ఒకసారి ఉత్తగా కూర్చి చూడండి, ఏ ముక్క తరువాత ఏది పెట్టాలో తెలుస్తుంది. ముక్కల వెనుక వైపు పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి. చేతులకు తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి, మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి. ముక్కలు ఆరేదాకా కదలకుండా పట్టుకోవడానికి రెండు చేతులు చాలవు.