ఆ తల్లి బొమ్మ బొగ్గుతో గీసిందేనా?

ప్రశ్న: చనిపోయిన బిడ్డను ఒడిలోకి తీసుకుని, వాడి రొమ్ములో ముఖం దాచుకున్న తల్లి బొమ్మను ఈ మధ్య ఫోనులో చూశాను. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న జర్మన్ చిత్రకారిణి ఆ దుఃఖంతో బొగ్గుతో గీసిందని కింద రాశారు. నిజమేనా? రంగులు వదిలి బొగ్గునే ఎందుకు ఎంచుకున్నారు?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: మీ వర్ణనను బట్టి అది కేతె కోల్విట్జ్ 1903లో చేసిన ‘చనిపోయిన బిడ్డతో స్త్రీ’ అయి ఉండాలి. ఆమె చిన్న కొడుకు పేటర్ యుద్ధంలో మరణించిన మాట వాస్తవమే గాని, అది 1914 అక్టోబరులో, బెల్జియంలో, అంటే ఈ చిత్రం వచ్చిన పదకొండేళ్లకు జరిగింది. అంతకన్నా మనసును కలచే సంగతి, ఆ బిడ్డకు నమూనాగా తల్లి చేతుల్లో పడుకున్నది ఏడేళ్ల పేటరే. వాడిని ఎత్తి పట్టుకుని అద్దంలో చూసుకుంటూ గీస్తుంటే శ్రమకు తాను మూలిగానని, బొమ్మ చాలా బాగా వస్తుందిలే అని వాడే తనను ఓదార్చాడని ఆమె తరవాత ఒక ఉత్తరంలో రాశారు. భర్త కార్ల్ బెర్లిన్ శ్రామికవాడలో వైద్యుడు కావడం వల్ల ఇతర తల్లుల కష్టాలు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు.

ఇక అది బొగ్గు చిత్రం కాదు, ఎచింగ్. లోహపు రేకు మీద గీసి, ఆ గీతలను ఆమ్లంతో తొలిచి, సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. రేకు మీది మెత్తని పూతకు కాగితపు గరుకును అద్దడం వల్ల బొగ్గు రుద్దినట్టుండే నీడలు వచ్చాయి, పొరబాటు సహజమే.

పేటర్ పోయాక ఆమె అలా గీయలేకపోయారు. మైనరు కాబట్టి సైన్యంలో చేరడానికి వాడికి తండ్రి అనుమతి అవసరమైంది. వద్దన్న భర్తను ఒప్పించింది తానే. కొడుకు జ్ఞాపకార్థం తలపెట్టిన, మోకాళ్ల మీద కూర్చున్న తల్లిదండ్రుల శిల్పాలు 1932లో గాని పూర్తి కాలేదు. ఆ రెండు విగ్రహాలు ఒకరినొకరు తాకవు. నా దృష్టిలో 1903 నాటి చిత్రం కన్నా ఇవే ఎక్కువ బాధపెడతాయి.

బొగ్గు విషయానికి వస్తే, అది చేతికి అడ్డు తగలని పనిముట్టు: వేలితో రుద్దితే నీడ అవుతుంది, నచ్చకపోతే చెరిగిపోతుంది, కడ్డీని పక్కకు వాల్చి లాగితే ఒక్క ఊపులో వెడల్పాటి నలుపు పడుతుంది. అయినా ఆమె ఒకే పనిముట్టుకు కట్టుబడలేదు. 1919 జనవరిలో హత్యకు గురైన జర్మన్ కమ్యూనిస్టు నాయకుడు కార్ల్ లీబ్‌క్నెహ్ట్ ముఖాన్ని, కుటుంబం కోరిక మీద, ఆమె శవాగారంలో గీసుకున్నారు. స్మారక చిత్రానికి మొదట ఎచింగ్, తరవాత లిథోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి తీసే అచ్చు) ప్రయత్నించి, రెండూ తృప్తినివ్వక చివరికి 1920లో చెక్క అచ్చుగా చేశారు.

ఆమె బొగ్గు పనే చూడాలనుకుంటే వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోని 1933 నాటి స్వీయచిత్రం వెతకండి. ముఖాన్ని, కడ్డీ పట్టిన చేతిని శ్రద్ధగా దిద్ది, ఆ రెండింటినీ కలిపే బాహువును మాత్రం ఎగుడుదిగుడు బొగ్గు చారలతో విసురుగా లాగి వదిలేశారు. నాజీలు ఆమెను ప్రష్యన్ కళా అకాడమీ నుంచి బలవంతంగా తప్పించింది ఆ ఏడాదే.