పాత ఓషన్ లైనర్లపై ఇంత మమకారం ఎందుకు?

నేటి క్రూయిజ్ (విహారయాత్రల) నౌకలు ఎంత పెద్దవైనా జనం పాత లైనర్లనే ఎందుకు తలచుకుంటారన్న ప్రశ్నకు జవాబు వాటి నిర్మాణంలోనే ఉంది. ప్రయాణికులనూ తపాలానూ వేళకు ఆవలి తీరం చేర్చడం లైనర్ పని కనుక, ఉత్తర అట్లాంటిక్ చలికాలపు అలలను చీల్చుకుపోయే పొడవైన ముందుభాగం, నీటిలో లోతుగా దిగే దృఢమైన అడుగుభాగం, దాదాపు 30 నాట్ల (గంటకు సుమారు 55 కి.మీ.) వేగం దానికి అవసరమయ్యాయి. 1952లో ‘యునైటెడ్ స్టేట్స్’ అనే లైనర్ తొలి యాత్రలోనే మూడున్నర రోజుల లోపు అట్లాంటిక్ దాటింది. 1958లో అట్లాంటిక్ మీదుగా మొదలైన జెట్ విమానయానం క్రమంగా ఆ అవసరాన్నే తీసేసింది. క్రూయిజ్ నౌకకు అంత తొందర లేదు. బాల్కనీ గదులను అంతస్తులుగా పేర్చి, లోతు తక్కువ రేవుల్లోకీ వెళ్లేలా దాన్ని కడతారు. పాత వైభవం ప్రధానంగా మొదటి తరగతికే దక్కిందన్నది మరువరాదు. అయినా లైనర్ ఆకృతిలోని అందం, నా దృష్టిలో, సముద్రం విధించిన క్రమశిక్షణ నుంచి పుట్టినదే. 2004లో సేవలోకి వచ్చిన ‘క్వీన్ మేరీ 2’ను అందుకే లైనర్‌గానే నిర్మించారు.